నూట యాభయ్యో డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. ఫిన్లండ్ దేశపు తూర్పు కొసన యోయెన్‌సూ అనే చిన్న యూనివర్సిటీ ఊరు ఉంది. మే ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం, ఆ ఊరి విమానాశ్రయంలో యామిని నన్ను పోగొట్టుకుంది.

పోగొట్టుకుంది అనడం పూర్తిగా సరి కాదు. పోగొట్టుకోవడం మనిషికి తెలియకుండా జరుగుతుంది. ఆమె తెలిసే నన్ను వదిలి వెళ్ళింది. కానీ విమానం వైపు నడిచేటప్పుడు చేతిసంచిని రెండుసార్లు తడిమి చూసుకుంది. ఉన్నదాన్ని తడుముకోవడం వేరు, లేనిదాన్ని తడుముకోవడం వేరు. గాజు తలుపు ఇవతల నుంచి నేను చూసింది రెండోది. అందుకని ఆ మాటే ఉంచుతున్నాను.

నా పుట్టుకలో చెప్పుకోదగ్గ గొప్పలు లేవు. చెన్నై దగ్గర ఒక రేకుల షెడ్డులో స్టీలు రేకును బిళ్ళలుగా కోసి, మర కింద ఒత్తితే నాలాంటివి రోజుకు కొన్ని వందలు పుడతాయి. అంచు మడిచారు, మెరుగు పెట్టారు, మూత బిగించారు. ఒక మనిషి పూటకు తినే అన్నం నాలో పడుతుంది. అట్టపెట్టెలో లారీ ఎక్కి అనకాపల్లి మెయిన్‌రోడ్డులోని ఒక పాత్రల కొట్టుకు చేరాను. అక్కడ మమ్మల్ని పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ వందల లెక్కన కొంటారు. ఎవరి శుభకార్యానికి వెళ్తామోనని అరల మీద ఎదురుచూసేవాళ్ళం.

ఆగస్టు నెలలో ఒక మధ్యాహ్నం కాండ్రేగుల శేషగిరి మాస్టారు ఆ కొట్టుకు వచ్చారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తారు. ఆయన భార్య నూకరత్నం నాలుగు రోజుల జ్వరంతో పోయి అప్పటికి అయిదు రోజులు. పెద్దకర్మకు వచ్చినవాళ్ళకు, పోయినవారి పేరు కొట్టించిన స్టీలు సామాను ఇవ్వడం అక్కడి రివాజు. నూట యాభై డబ్బాలు కావాలన్నారాయన.

పేర్లు కొట్టే అతను మిషన్ పెన్ను చేతపట్టుకుని అడిగాడు.

"పేరు ముందర కీర్తిశేషులు అని నిండుగా కొట్టమంటారా మాస్టారూ, కీ.శే. అని పొట్టిగా కొట్టీమంటారా?"

మాస్టారు ఒక డబ్బా చేతిలోకి తీసుకున్నారు.

"కింద తారీకు? జ్ఞాపకార్థం అని కూడా కొట్టించుకుంటారండి అందరూ."

"పేరు చాలు."

"ఒట్టి పేరేనా? ఒట్టి పేరైతే ఆవిడ సొంత సామాను లాగుంటాదండి, ఆవిడే ఇంట్లో ఉన్నట్టు..." అతను నాలుక కరుచుకున్నాడు.

"అలాగే ఉండనీ," అన్నారు మాస్టారు.

అలా నా నడుము మీద చుక్కలు చుక్కలుగా 'కాండ్రేగుల నూకరత్నం' అని పడింది. ఆమెను నేను చూడలేదు. నాకు తెలిసిందంతా ఆ ఇంట్లో విన్నదే. ఎక్కువగా విన్నది ఒక్క సంగతి. ఆ ఇంటికి ఎవరి గిన్నె వచ్చినా ఆమె దాన్ని ఖాళీగా తిప్పి పంపేది కాదు. కూర ఉంటే కూర, లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలు, అవీ లేకపోతే చిన్న బెల్లం ముక్క. ఏదీ లేదని గిన్నెను రెండు రోజులు ఆపిన సందర్భాలూ ఉన్నాయట. గిన్నెగల వాళ్ళు వచ్చి అడిగితే, "ఉండవే, ఒట్టిది ఎలా ఇచ్చీమంటావు?" అని వాళ్ళనే దబాయించేదట.

పెద్దకర్మ నాడు మాస్టారు గుమ్మం పక్కన నిలబడి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో డబ్బా పెట్టారు. మామూలుగా అయితే ఆ డబ్బాలో ఒక లడ్డూనో అరటిపండో ఉంటుంది. అది ఆయనకు తట్టలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో గిన్నెలు నింపిన మనిషి వేరు. ఆ విషయం ఆయనకు గుర్తుచేయవలసిన మనిషి కూడా ఆమే. మాలో నూట నలభై తొమ్మిది మంది ఖాళీగానే గుమ్మం దాటారు.

ఎదురింటి పైడమ్మ తన డబ్బా మూత తీసి చూసి, మెట్టు మీద ఆగిపోయింది. "రత్నం సేతి గిన్నె మా ఇంటికి ఒట్టిగా ఎప్పుడొచ్చింది గనక? ఇన్నాళ్ళకి ఒట్టి డబ్బా వచ్చినాది," అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తప్పు పట్టడానికి అన్న మాట కాదు. కానీ అయిదడుగుల దూరంలో, కుళాయి దగ్గర, మాస్టారు చేతులు కడుక్కుంటున్నారు. నీళ్ళ చప్పుడులో ఆయనకు వినపడిందో లేదో ఎవరికీ తెలియదు. ఆ మాట విని, ఆయన వైపు చూసింది ఒక్క యామిని.

యామిని మాస్టారి అక్క కూతురు. ఇంటర్ నుంచీ చదువు కోసం ఆ ఇంట్లోనే ఉంది. అత్త వండితే తిని, మావయ్య పాఠం చెప్తే విని పెరిగింది. అప్పటికి విశాఖపట్నంలో బోటనీ ఎమ్మెస్సీ చదువుతోంది. వాళ్ళ యూనివర్సిటీ నుంచి ఏటా ఒకరిని ఒక సెమిస్టరు చదవడానికి ఫిన్లండ్ పంపుతారు. దానికి దరఖాస్తు పెట్టించింది నూకరత్నమే. ఫలితం అక్టోబరులో వచ్చింది. యామిని ఆ కాగితం మావయ్య చేతికిచ్చి, "వెళ్ళను మావయ్యా," అంది. ఆయన కాగితం మొత్తం చదివి, మడతపెట్టి, "మీ అత్త స్వెట్టరు కొనమని చెప్పింది. ఆదివారం కొందాం," అన్నారు. అంతే మాట.

పెద్దకర్మ తరువాత నాలుగు నెలలూ నేను మాస్టారి భోజనం డబ్బాను. నూట యాభైలో మిగిలిన ఒక్కదాన్ని ఆయన తనకే ఉంచుకున్నారు. స్టాఫ్‌రూమ్‌లో బల్ల మీద కూర్చునేదాన్ని. "ఇవాళ కూరేంటండీ మాస్టారూ?" అని లెక్కల మేడం అడిగితే, "నిన్నటిదే," అనేవారు. మర్నాడు ఆవిడ అదే అడిగితే ఆయన అదే చెప్పేవారు. మాటలు పొదుపుగా వాడటం నేను ఆ బల్ల మీదే నేర్చుకున్నాను.

జనవరి మొదటి వారంలో యామిని ప్రయాణం. ముందురోజు సాయంత్రం మాస్టారు నన్ను తోమి తుడిచి, నువ్వులు వేయించి, పొయ్యి మీద బెల్లం పాకం పెట్టారు. జీవితంలో మొదటిసారి నువ్వుండలు చేస్తున్నారు. పాకం ఎప్పుడు దించాలో పుస్తకంలో ఉండదు. అది చూసి తెలుసుకోవాలి. ఆయన చూసేసరికి దాటిపోయింది. ఉండలు రాళ్ళలా బిగుసుకున్నాయి. యామిని ఒకటి నోట్లో పెట్టుకుని, తీసి చూసి, "మావయ్యా, దీన్ని గోడకేసి కొడితే గోడకే దెబ్బ," అంది.

"దాచిపెట్టు. సుత్తి కావలసినప్పుడు వాడదాం," అన్నారాయన.

ఇద్దరూ నవ్వారు. పెద్దకర్మ తరువాత ఆ ఇంట్లో నవ్వు వినడం నాకు అదే మొదలు. తరువాత ఆయన నన్ను ఖాళీగానే ఆమె చేతిలో పెట్టారు. "పాకం కుదరలేదమ్మా. అక్కడ ఏదైనా పెట్టుకో. వచ్చేటప్పుడు మాత్రం డబ్బా జాగ్రత్తగా పట్టుకురా."

"ఖాళీగా తీసుకురాను మావయ్యా," అంది యామిని.

ఆయన గోడ వైపు చూశారు. ఆమె ఎందుకు అన్నదో ఆయనకు అర్థమైందా, పైడమ్మ మాట ఆయన విన్నారా, ఆమె అడగలేదు. తన అత్త పేరున్న ఒక్క డబ్బానైనా నింపి ఆ ఇంటికి తేవాలని మాత్రం అప్పుడే అనుకుంది. అత్త సంవత్సరీకం ఆగస్టులో. ఆలోపు తిరిగి వస్తుంది కదా అన్నది ఆమె ధైర్యం.

యోయెన్‌సూలో దిగేసరికి చలి సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కింద. నాకు వేడి అంటే అన్నం వేడి, చలి అంటే పొద్దుటి కుళాయి నీళ్ళు. అక్కడి చలి వేరే సంగతి. యామిని చేతితొడుగు లేకుండా నన్ను ముట్టుకుని, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. పొద్దున తొమ్మిదిన్నర దాటాక తెల్లవారుతుంది, మధ్యాహ్నం మూడింటికి పొద్దుపోతుంది. వాళ్ళ యూనివర్సిటీ ఇచ్చిన ఇల్లు మూడంతస్తుల భవనంలో ఉంది. ఇద్దరికి చెరో గది, వంటిల్లు ఒకటే. గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలన్న రాత చూసి యామిని మొదటిసారి కాస్త స్థిమితపడింది. అది ఒక్కటే ఆమెకు తెలిసిన నియమం. బట్టలు ఉతికే మిషన్‌కు ముందుగా పేరు రాసుకోవాలి. ఫ్రిజ్‌లో ఎవరి అర వారిది. ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలవాలి. ఆయన పేరు పెక్కా. ఆమె నోరు తిరగక "సర్" అంటే, ఆయన ఎవరో పెద్దాయన వచ్చారనుకుని వెనక్కి తిరిగి చూశాడట. ఆ సంగతి ఫోన్‌లో చెప్తే మాస్టారు "మంచివాడిలా ఉన్నాడు," అన్నారు.

రెండో గదిలో ఉన్న అమ్మాయి వెర్నా. ఆ దేశపు పిల్లే, అడవుల శాస్త్రం చదువుతోంది. పొడుగ్గా, నిదానంగా ఉంటుంది. పొద్దున "మొయ్" అంటుంది, సాయంత్రం "మొయ్" అంటుంది. వాళ్ళ భాషలో పలకరింపు అది. ఆ రెంటి మధ్య ఏమీ అనదు. యామిని పెరిగిన ఇంట్లో ఎదురింటివాళ్ళు ఏ కూర వండారో వాసన చూసి అడుగుతారు. ఇక్కడ ఒకే పొయ్యి మీద ఇద్దరు వంటలు చేసుకుంటూ వారాలు గడిపారు. యామిని క్లాసుల నుంచి తిరిగి వచ్చాక నన్ను కిటికీ దగ్గర, గది వెచ్చబరిచే ఇనుప గొట్టాల మీద పెట్టి, కాస్త వేడెక్కాక రెండు చేతులతో పట్టుకుని కూర్చునేది. నాలో ఏమీ లేదు. అయినా పట్టుకునేది.

మూడో వారం ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. నిమ్మకాయ పులిహోర కలిపింది. కరివేపాకు దొరకలేదు. వేరుశనగలు ఉప్పువేసి వేయించినవే దొరికాయి. నన్ను నిండా నింపి, మూతపెట్టి, వెర్నా గది తలుపు తట్టింది. "అన్నం. మా ఊరిది," అంది ఇంగ్లీషులో. వెర్నా రెండు చేతులా అందుకుంది. తలుపు వేసుకుంది. లోపల బల్ల ముందు కూర్చుని మెతుకు మిగలకుండా తింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. పసుపు మరక పోయేదాకా నన్ను తోమింది. అంత శ్రద్ధగా నన్ను ఎవరూ తోమలేదు. ముఖ్యంగా పేరున్న చోట చాలాసేపు రుద్దింది. తుడిచి, ఆరబెట్టి, గుడ్డసంచిలో పెట్టి, 'కీటోస్' అని రాసిన చీటీతో యామిని తలుపు పిడికి తగిలించింది. కీటోస్ అంటే కృతజ్ఞతలు.

యామిని సంచి తీసింది. మూత తీసింది. లోపల చూసింది. మళ్ళీ మూతపెట్టి మంచం మీద కూర్చుంది. "ఒక్క బిస్కెట్ ముక్కైనా పెట్టలేదు," అంది, నాతోనే.

ఒకరి మర్యాద మరొకరికి అవమానంగా చేరడం నేను అక్కడ చూశాను. తలుపుకు ఇటుపక్క ఒకమ్మాయి, ఇచ్చినదాన్ని ఇంత శుభ్రంగా ఎవరైనా తిరిగి ఇస్తారా అని తృప్తిపడింది. అటుపక్క ఒకమ్మాయి, తన అత్త పేరున్న డబ్బా మళ్ళీ ఖాళీగా వచ్చిందని ఏడ్చింది. మధ్యలో ఒక చెక్క తలుపు. నాకు నోరుంటే ఆ సాయంత్రమే తేలిపోయేది. అక్కడి నుంచి యామిని కూడా "మొయ్" అనడం నేర్చుకుంది. వంట తొందరగా ముగించి గదిలోకి వచ్చేసేది. అలా నెలన్నర నడిచింది.

మార్చిలో ఎండ వచ్చింది. మంచు మీద ఎండ పడితే కళ్ళు తెరవలేం. ఒక ఆదివారం యామిని వంటింట్లో బల్ల ముందు కూర్చుని, నా పక్కన ఫోన్ నిలబెట్టి ఇంటికి వీడియో కాల్ చేసింది. తీసింది మాస్టారు కాదు, పైడమ్మ.

"మీ మావయ్య ఇంట్లో లేడు. ఫోన్ ఇక్కడొదిలీసి ఎల్లిపోనాడు. ఏటైందో గాని మనిషికి, ఆదోరం ఆదోరం స్కూటరేసుకుని తిరుగుతున్నాడే. పెద్దకర్మ నాడు ఇచ్చినాడు కాదా డబ్బాలు? అయ్యి ఉన్న ఇల్లన్నిటికీ ఎల్లి, డబ్బా సూపించండి అంటన్నాడు. ఎనక్కి పట్టుకుపోతాడేమో అని మా తోటికోడలు బియ్యం బస్తాలో దాసీసినాది!"

"డబ్బా చూసి ఏం చేస్తున్నారు?"

"ఏటి సేస్తాడు? మూత తీసి, సంచిలోంచి బెల్లం ముక్క తీసి అందులో ఎట్టి, మూతెట్టి, నమస్కారం ఎట్టి వచ్చేస్తన్నాడు. టీ తాగమంటే తాగడు. కూకోమంటే కూకోడు. చోడవరం కాడ రెండిళ్ళు, కశింకోట కాడ ఓ ఇల్లు. ఇయ్యాల మాడుగుల ఎల్లాడు. నాది ముందే ఎట్టీసినాడు. నా మొహం సూడకుండా ఎట్టినాడే." పైడమ్మ ఫోన్ దగ్గరగా జరుపుకుంది. "నేనన్న మాట ఇన్నాడు గావాల."

కుళాయి దగ్గర ఆ మాట మావయ్య విన్నారు. ఏడు నెలలుగా ఆ మాట మోస్తూనే స్కూలుకు వెళ్ళారు, నాలో అన్నం పెట్టుకుని తిన్నారు, పాకం పెట్టారు, చెడగొట్టుకున్నారు. యామిని ఫోన్ పెట్టేసి, బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. ఆ బియ్యం బస్తా గుర్తొచ్చి మధ్యలో నవ్వింది కూడా.

సరిగ్గా అప్పుడు వెర్నా కాఫీ కోసం వచ్చింది. వాళ్ళలో, ఏడుస్తున్న మనిషిని చూడనట్టు వెళ్ళిపోవడం మర్యాద. వెర్నా గుమ్మం దాకా వెనక్కి వెళ్ళి ఆగిపోయింది. తిరిగి వచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలియక నన్ను చూపించింది.

"నిన్నొకటి చాలా రోజులుగా అడగాలని ఉంది. ఈ చుక్కలు. తుప్పు అనుకున్నాను. అరగంట తోమాను. పోలేదు. పాడుచేశానేమో అని భయపడ్డాను. అందుకే నీతో మాట్లాడలేకపోయాను."

యామిని ఆమె వైపు చూసి, ఏడుపు ఆపుకోలేక, నవ్వు ఆపుకోలేక, "అది మా అత్త పేరు," అంది.

తరువాత అంతా చెప్పింది. జ్వరం, నూట యాభై డబ్బాలు, పైడమ్మ మాట, బెల్లం ముక్కలు, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వని అలవాటు. వెర్నా కాఫీ సంగతి మరిచి వింది. చివర్న, "అంటే నేను నీకు దీన్ని ఖాళీగా ఇచ్చాను," అంది.

"ఫర్వాలేదు. నీకు తెలియదు కదా."

"తెలియకపోయినా ఇచ్చాను." నన్ను తన వైపు జరుపుకుంది. "ఏం పెట్టాలి? కొనుక్కొస్తే సరిపోతుందా?"

"కొనాల్సిన పని లేదు. మీ ఇంట్లో ఉన్నదేదైనా. ఎంతైనా."

వెర్నా వాళ్ళిల్లంటే ఆమె అమ్మమ్మ లెంపి ఉండే ఇల్లు. అడవి అంచున, బస్సులో గంటన్నర దూరం. ఏప్రిల్‌లో ఇద్దరూ నన్ను తీసుకుని వెళ్ళారు. లెంపి ముసలావిడకు ఇంగ్లీషు రాదు. యామినిని పైనుంచి కింద దాకా చూసి, ముందు ఒక జత ఉన్ని మేజోళ్ళు ఇచ్చింది, తరువాత కాఫీ ఇచ్చింది. మనవరాలు సంగతి చెప్తే విని, నన్ను తీసుకుని పేరు మీద బొటనవేలితో నిమిరింది. చదవలేదు కదా, తడిమింది. లేచి వెళ్ళి పెద్ద ఫ్రీజర్ తెరిచింది. కిందటి వేసవిలో తనే అడవిలో ఏరిన నల్లని చిన్న పళ్ళు నా అంచుదాకా పోసింది. ఇంకొన్ని పోసింది. మూత పట్టకపోతే చేత్తో అదిమింది.

తిరుగు బస్సులో ఇద్దరూ నన్ను ఒడిలో పెట్టుకుని, గడ్డకట్టిన పళ్ళు ఒక్కొక్కటే తిన్నారు. నాలుకలు ఊదారంగు అయ్యాయి. ఒకరి నాలుక ఒకరు చూసి నవ్వుకున్నారు. ఆ రోజు నుంచి యామిని ఆ ఊళ్ళో ఉన్నట్టు అనిపించింది నాకు. అంతవరకూ ఆమె సామాను మాత్రమే ఉంది. వంటింట్లో మాటలు వినపడ్డాయి. పెక్కాను పెక్కా అంది. సైకిల్ తొక్కింది, పడింది, మళ్ళీ తొక్కింది. వెర్నా పులిహోర కలపడం నేర్చుకుని, అందులో మెంతి ఆకులాంటిదేదో వాళ్ళ ఆకు వేసి, "ఇది మా ఊరి పులిహోర," అని ఇచ్చింది. నేను ఆ రెండు గదుల మధ్య ఎన్నిసార్లు తిరిగానో చెప్పలేను. ఒక్కసారి కూడా ఖాళీగా తిరగలేదు.

మే నెలాఖరులో ప్రయాణం. మావయ్యకు ఏం తీసుకువెళ్ళాలన్న దాని మీద పెద్ద చర్చ లేదు. మళ్ళీ లెంపి ఇంటికి వెళ్ళారు. మిగిలిన పళ్ళన్నీ పంచదారతో పొయ్యి మీద పెట్టింది ముసలావిడ. ఉడుకుతున్నంతసేపూ చిన్న సాసర్ ఒకటి చల్లగా పక్కన పెట్టుకుని, చెంచాతో ఒక్క చుక్క దాని మీద వేసి, సాసర్ వంచి, చుక్క జారుతుందా ఆగుతుందా అని చూసింది. యామిని వంగి చూసింది. వాళ్ళ అత్త నీళ్ళ గిన్నెలో పాకం చుక్క వేసి వేలితో తాకి చూసేది. చుక్క ఆగింది. లెంపి పొయ్యి కట్టేసింది. "మా మావయ్యకు కుదరనిది ఇదే," అంది యామిని తెలుగులో. ముసలావిడ అర్థమైనట్టు తల ఊపింది.

నన్ను అంచుదాకా నింపారు. పెద్ద పెట్టెలో పెడితే ఆ పెట్టె దారి తప్పుతుందేమోనని యామిని నన్ను చేతిసంచిలో పెట్టుకుంది. అక్కడే తప్పు జరిగింది.

తనిఖీ బల్ల దగ్గర ఉన్న అమ్మాయి మూత తీసి చూసింది. మర్యాదగానే చెప్పింది. జామ్ కూడా ద్రవం కిందే లెక్క, ఇంత పరిమాణం లోపలికి తీసుకువెళ్ళకూడదు. డబ్బాను తీసుకువెళ్ళవచ్చు, లోపలిది ఆ బుట్టలో పారబోయాలి. పెద్ద పెట్టె అప్పటికే వెళ్ళిపోయింది. యామిని నన్ను పట్టుకుని వెనక్కి వచ్చింది. చిన్న విమానాశ్రయం. వెర్నా ఇంకా గాజు తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఏదైనా గిన్నెలో వంపేద్దాం. జామ్ నేను ఉంచుకుంటాను, డబ్బా నువ్వు తీసుకెళ్ళు," అంది వెర్నా.

యామిని మూత బిగించింది. ప్రయాణికులను పిలుస్తున్నారు. నన్ను వంపేసి తీసుకువెళ్తే నేను ఇల్లు చేరతాను. మాస్టారు చేతులు చాచి అందుకుంటారు. మూత తీస్తారు.

"ఖాళీగా తీసుకువెళ్ళను," అంది. నన్ను వెర్నా చేతుల్లో పెట్టింది. "నువ్వు తీసుకురా."

"తీసుకొస్తాను," అంది వెర్నా. ఆ పిల్ల ఒక మాట అనడానికి ఎంతసేపు తీసుకుంటుందో నాకు తెలుసు. ఆ రోజు వెంటనే అంది.

అప్పటి నుంచి లెంపి ఇంటి నేలమాళిగలో ఉన్నాను. చల్లగా, చీకటిగా ఉంటుంది. అటు బంగాళాదుంపలు, ఇటు ఊరగాయ జాడీలు. మనుషుల కంటే సామాను ఎదురుచూడటం తేలిక అంటారు. అలా అనేవాళ్ళు సామాను కారు. వేసవి వచ్చింది. కొత్త పళ్ళు వచ్చాయి, కొత్త జామ్ వచ్చింది. నాలోని పాతదాన్ని ఎవరూ ముట్టలేదు. లెంపి వేరే సీసా తెరిచినప్పుడల్లా నా మూత మీద దుమ్ము కొంగుతో తుడిచేది. కొంగు కాదు, ఏప్రన్. నాకు పాత మాటే వస్తోంది.

ఆగస్టులో ఒక ఉదయం వెర్నా నన్ను పైకి తెచ్చి, లెంపి వంటింటి బల్ల మీద, ఫోన్ ఎదురుగా నిలబెట్టింది. అటువైపు మాస్టారి ఇల్లు. సంవత్సరీకం ఆ రోజే. కార్యక్రమం ముగిసింది. యామిని ఫోన్ పట్టుకుంది. మాస్టారు తెల్ల చొక్కాలో ఉన్నారు. చిక్కిపోయారు. వెర్నాను చూడగానే, తరగతిలోకి ఇన్‌స్పెక్టర్ వచ్చినట్టు లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్," అన్నారు. వెర్నా కూడా కంగారుగా లేచి నిలబడింది. ఇద్దరూ అలా నిలబడే ఉన్నారు. నన్ను దగ్గరగా తెచ్చి పేరు చూపించింది వెర్నా. ఆయన కళ్ళజోడు సర్దుకుని, చిన్న పిల్లలు చదివినట్టు ఒక్కొక్క అక్షరమే చదివారు. చివరి అక్షరం దాకా చదివారు.

"నిండుగా ఉందా?" అన్నారు యామినితో.

"నిండుగా ఉంది మావయ్యా. మూత తీసి చూపించమననా?"

"వద్దు. గాలి తగిలితే పాడవుతుంది." ఆయన లోపలికి వెళ్ళి ఒక చిన్న గిన్నె పట్టుకొచ్చారు. అందులో కాగితం మీద ఒక బెల్లం ముక్క ఉంది. "నూట నలభై తొమ్మిది ఇళ్ళూ అయ్యాయి. ఇది దానిది," అన్నారు.

వెనక నుంచి పైడమ్మ గొంతు వినపడింది. "ఎన్నాళ్ళు దాస్తావు మాస్టారూ? సీమలు ఎత్తుకుపోతాయి."

"నీళ్ళ పళ్ళెంలో పెడుతున్నాను," అన్నారాయన. గిన్నెను జాగ్రత్తగా లోపలికి తీసుకువెళ్ళారు. తిరిగి వచ్చి ఫోన్ ముందు కూర్చున్నారు. కాసేపు నన్నే చూశారు. యామిని ఫోన్ ఆయనకు ఇంకాస్త దగ్గరగా పట్టుకుంది.

వెర్నా వాళ్ళ యూనివర్సిటీ నుంచి విశాఖపట్నానికి ఒక సెమిస్టరు వెళ్ళడానికి దరఖాస్తు పెట్టింది. పెద్ద పెట్టెలోనే పెడతానని, చేతిసంచి జోలికి పోనని నాతో రెండుసార్లు చెప్పింది. ఇప్పుడు సెప్టెంబరు. బయటి బర్చ్ చెట్ల ఆకులు పసుపుపచ్చగా మారుతున్నాయి. దరఖాస్తుకు జవాబు రాలేదు. అనకాపల్లిలో బెల్లం ముక్క నీళ్ళ పళ్ళెం మధ్యలోనే ఉందట.

నా మూత మాస్టారు ఇంకా తీయలేదు.